హాలు కిటికీకి కర్టెను వేసే ముందు



కొత్త ఇంట్లో పాలు పొంగించి నెల తిరక్కుండానే చుట్టాల్లో ఎవరో ఒకరు అననే అంటారు, "ఏమ్మా, హాలుకి ఇంకా కర్టెన్లు వేయించలేదా?" అని. అడిగినావిడ కిటికీ ఏ దిక్కున ఉందో చూడదు, గాలి ఎటునుంచి వస్తోందో చూడదు. కిటికీ అన్నాక కర్టెను ఉండాలి, అంతే. ఇంటావిడకూ మనసులో ఆ వెలితి ఉండనే ఉంటుంది. ఆదివారం భార్యాభర్తలు బజారుకు వెళ్తారు. దుకాణంలో శాంపిళ్ళ కట్టలు ఒకదాని మీద ఒకటి విప్పి చూపిస్తారు. సోఫాకు ఏ రంగు నప్పుతుంది, గోడకు ఏది నప్పుతుంది, మెరుపు ఉండాలా వద్దా, వీటి మీద గంటసేపు చర్చ జరుగుతుంది. ఎండ మాట మాత్రం ఒక్కసారీ రాదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ రాని మాట గురించే. హాలు కిటికీకి కర్టెను కావాలా వద్దా అన్నది సోఫాను అడిగితే తెలియదు, ఎండనూ గాలినీ అడగాలి. కొన్ని కిటికీలకు కావాలి. కొన్నిటికి అక్కర్లేదు. పడమటి కిటికీకి మాత్రం లోపల ఎంత ఖరీదైన కర్టెను వేసినా చాలదు.

మన పాత ఇళ్ళలో ఇది ఇంత పెద్ద ప్రశ్న కాదు. పెంకుటిల్లయినా, మండువా లోగిలయినా, వీధి వైపు అరుగో వసారానో ఉండేది. దాని చూరు బాగా కిందికి దిగి ఉండేది కనక ఎండ గోడదాకా రావడమే తక్కువ. కిటికీలకు చెక్క రెక్కలు, పైన రెండు, కింద రెండు. కింది రెక్కలు మూసి పై రెక్కలు తెరిస్తే వీధిన పోయేవాళ్ళకు ఇల్లు కనపడదు, ఇంట్లోవాళ్ళకు వెలుతురూ గాలీ అందుతాయి. వడగాలి కొడితే నాలుగూ మూసేయడమే. తరవాతి రోజుల్లో కింది సగానికి మాత్రం స్ప్రింగు తీగ లాగి, రెండు కొక్కేలకు తగిలించి, చిన్న కర్టెను వేసేవారు. ఇప్పటివాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు గాని, నన్నడిగితే మన వాతావరణానికి అంతకన్నా తెలివైన కర్టెను మళ్ళీ రాలేదు. చూపు పడే ఎత్తున గుడ్డ, గాలి ఆడే ఎత్తున ఖాళీ. ఖర్చా, పాత చీర ముక్కతో సరిపోయేది.

గుమ్మాల సంగతి వేరు. ముందుగదికీ లోపలింటికీ మధ్య గుమ్మానికి వేలాడే తెర ఎండ కోసం పుట్టింది కాదు. వచ్చిన మగవాళ్ళు ముందుగదిలో కూర్చుంటే ఆడవాళ్ళు ఆ తెర వెనక నిలబడి మాట్లాడిన ఇళ్ళు మన దగ్గర ఉండేవి. ఘోషా పాటించిన కుటుంబాలూ ఉండేవి. విశాఖపట్నంలో ఆడవాళ్ళ ప్రభుత్వాసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. ఆ తెరతో పని తీరిపోయింది. ఇప్పుడు హాలుకీ వంటగదికీ మధ్య తెర వేస్తే దానికి పోపు వాసన పట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. గలగలమనే పూసల తెరలంటే నాకూ ఇష్టమే, కాదనను. కాని అవి పిల్లల ఆటకే.

చెక్క రెక్కలు పోయి, అల్యూమినియం చట్రాల్లో, యూపీవీసీ చట్రాల్లో పక్కకు జరిపే అద్దాలు వచ్చాయి. చిక్కు ఇక్కడ మొదలైంది. చెక్క రెక్క ఎండను గది బయటే ఆపేది. అద్దం దాన్ని లోపలికి రానిస్తుంది. వచ్చిన ఎండ కర్టెను మీద పడుతుంది. ముదురు రంగు గుడ్డ ఆ వెలుగును పీల్చుకుని వేడెక్కుతుంది. వెలుగు అద్దంలోంచి వచ్చినంత సులువుగా ఆ వేడి అద్దంలోంచి బయటకు పోలేదు. అద్దానికీ గుడ్డకూ మధ్య ఉన్న గాలి కాగి, పైకి లేచి, రాడ్డు మీదుగా గదిలోకి వస్తుంది. కింద నుంచి గదిలోని గాలి ఆ సందులోకి చేరి అదీ కాగుతుంది. పొద్దు వాలేదాకా ఇదే తంతు. అంటే ముచ్చటపడి వేయించుకున్న మెరూన్ కర్టెను హాల్లో పొయ్యిలా పనిచేస్తుందన్నమాట. నమ్మకం లేకపోతే ఏప్రిల్ నెలలో సాయంత్రం 4 గంటలకు పడమటి కిటికీ కర్టెను వెనక చెయ్యి పెట్టి చూడండి.

దీనికి కొంత విరుగుడు ఉంది. గుడ్డకు అద్దం వైపు తెల్లటి లైనింగు వేయించడం. తెలుపు మీద పడ్డ వెలుగులో చాలాభాగం వేడిగా మారకుండా, వెలుగుగానే అద్దంలోంచి వెనక్కి వెళ్ళిపోతుంది. గది వైపు మీకు నచ్చిన రంగు ఉండనివ్వండి, అద్దం వైపు మాత్రం తెలుపే ఉండాలి. దుకాణంలో రెండు రంగుల మీద గంట గడిపేవాళ్ళు ఈ మూడో రంగు గురించి ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు.

నేల మీద జీరాడే బరువైన కర్టెన్లు చలిదేశాల అవసరం. అక్కడ శీతాకాలపు రాత్రి అద్దం చల్లబడుతుంది, దాన్ని తాకిన గాలి చల్లబడి కిందికి జారి గదిలోకి పారుతుంది. దాన్ని ఆపడానికి మందపాటి గుడ్డ, పైన సందు మూసే చెక్క పెల్మెట్, కింద నేలను తాకే అంచు. ఆ ఏర్పాటుకు అక్కడ అర్థం ఉంది. మనం చలి లేకుండా వేషం ఒక్కటే తెచ్చుకున్నాం. ఏసీ వేసుకునే హాలుకు మాత్రం పైన పెల్మెట్ ఉంటే మంచిదే, కాగిన గాలి గదిలోకి రాకుండా అడ్డుకుంటుంది.

ఇక దిక్కులు. కొందరు ఏ దిక్కుకు ఏ రంగు కర్టెను వేయాలని వాస్తు అడుగుతారు. నాకు తెలిసిన దిక్కుల శాస్త్రం ఒకటే, సూర్యుడిది. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, హైదరాబాదు 17.4 మీద. విజయవాడకు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. ఈ రెంటి మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కొద్దిగా ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటామే, ఆ రోజుల్లో దక్షిణపు కిటికీలోకి నేరుగా ఎండే పడదు. అది పడేది చలికాలంలో. డిసెంబరు ఉదయం హాల్లో పేపరు చదువుకునేటప్పుడు కాళ్ళ మీద పడే ఆ ఎండను గుడ్డ కట్టి ఆపుకోవడం ఎందుకు? ఉత్తరపు కిటికీకి వేసవిలో పొద్దునా సాయంత్రం ఏటవాలుగా కాస్త ఎండ తగులుతుంది. మిగతా ఏడాదంతా వచ్చేది చల్లని వెలుతురే. చదువుకునే పిల్లలకూ కుట్టుపని చేసుకునేవాళ్ళకూ అంతకన్నా మంచి వెలుతురు దొరకదు. ఈ రెండు దిక్కులకూ ఎండ కోసమైతే కర్టెను అక్కర్లేదు. చాటు కోసం కావాలంటే పల్చటిది చాలు.

తూర్పు కిటికీ ఎండ ఉదయం 10 దాటితే తగ్గుతుంది. అప్పటికి ఇల్లింకా కాగి ఉండదు కనక ఆ ఎండ అంత బాధ పెట్టదు. లైనింగు ఉన్న నూలు కర్టెను ఆ కాసేపు వేసి తరవాత పక్కకు లాగేస్తే సరి.

పడమర అలా కాదు. పగలంతా కాగిన ఇంటి మీద సాయంత్రపు ఎండ పడుతుంది, అదీ వాలుగా. కిటికీ మీద రెండడుగుల సన్‌షేడు ఉంది కదా అని చాలామందికి ధీమా. మే నెలలో సాయంత్రం 4.30కి మన ప్రాంతంలో సూర్యుడు దిగంతానికి 28 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఆ ఎండకు రెండడుగుల సన్‌షేడు నీడ పడమటి గోడ మీద కిందికి దిగేది దాదాపు ఒక్క అడుగే. నాలుగడుగుల కిటికీలో మూడడుగులు ఎండలోనే ఉంటాయి. ఆ మూడడుగుల ఎండనూ లోపలి కర్టెనే ఆపాలంటే పైన చెప్పిన పొయ్యి కథే అవుతుంది.

అందుకే పడమటికి తెర బయట కట్టండి. ఇది కొత్త ఊహేమీ కాదు. వట్టివేళ్ళ తడికలు కట్టి వాటి మీద నీళ్ళు చల్లుకున్న ఇళ్ళను మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. పొడి గాలి ఆ తడిలోంచి వచ్చి చల్లబడేది, వాసన అదనం. ఆ తడిక రాయలసీమలోనూ తెలంగాణలోనూ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సముద్రం పక్కన గాలిలో ముందే తేమ ఉంటుంది కాబట్టి నీళ్ళు ఆరవు, చలవా అంతగా రాదు. కోస్తావాళ్ళు నీళ్ళు చల్లకుండా వెదురు తడిక కట్టుకుంటే చాలు, ఎండ ఆగుతుంది, సందుల్లోంచి గాలి వస్తుంది. అదీ కుదరకపోతే నర్సరీలకు కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ ఉంది. నీడ శాతాన్ని బట్టి 50, 75 అని అమ్ముతారు. చూడటానికి అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. మార్చి నుంచి జూన్ దాకా ఉంచి విప్పేయండి. అపార్టుమెంటులో బయట ఏదైనా కడితే అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరు. బాల్కనీ ఉన్నవాళ్ళు దాని లోపలి అంచున వెదురు తెర వేలాడదీసుకోవచ్చు, లేదా తీగ మొక్కలు పాకించుకోవచ్చు. బాల్కనీ కూడా లేకపోతే, అప్పుడు లోపలే తెల్ల లైనింగు కర్టెను, దానికి తోడు పెల్మెట్.

ఎండ తరవాత గాలి. ఇక్కడ ఒక ఊరి సలహా ఇంకో ఊరికి పనికిరాదు. కరీంనగర్ లాంటి చోట వేసవి పగలు బయటి గాలే వేడి. పొద్దున 8 గంటలకల్లా కిటికీలు మూసి, తెరలు దించి, పొద్దుపోయాక అన్నీ బార్లా తెరిస్తే ఇల్లు చల్లబడుతుంది. అక్కడ కాస్త మందం గుడ్డ మేలే చేస్తుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఆ పని చేస్తే ఉక్కతో చస్తాం. మధ్యాహ్నం గాలి తిరిగి సముద్రం వైపు నుంచి వచ్చే వేళకు కిటికీకి ఏ అడ్డూ ఉండకూడదు. కూలర్ వాడేవాళ్ళు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. కూలర్ పంపిన గాలి బయటకు పోయే దారి కూడా ఉండాలి. ఎదుటి కిటికీ మూసి దానికి కర్టెను కూడా దించితే గది చల్లబడదు, జిడ్డుగా తయారవుతుంది.

చాటు గురించి చాలామంది పగలే పరీక్ష చేసుకుంటారు. పల్చటి తెల్ల గుడ్డ వేసి వీధిలోంచి చూస్తారు, లోపల ఏమీ కనపడదు, తృప్తిపడతారు. పగలు బయట వెలుగు ఎక్కువ కనక అలా ఉంటుంది. రాత్రి హాల్లో లైటు వేయగానే అంతా తిరగబడుతుంది, ఎదుటి ఫ్లాటు వాళ్ళకు మీ ఇల్లు తెర మీద సినిమా. నగరాల్లో రెండు అపార్టుమెంట్ల మధ్య పది పన్నెండు అడుగులు కూడా ఉండని చోట్లు ఎన్నో. అలాంటి ఇళ్ళకు రెండు రాడ్లు మేలు. అద్దం వైపు పల్చటిది ఎప్పుడూ ఉంటుంది, గది వైపు చిక్కటిది రాత్రి మాత్రం లాగుతారు. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే సాఫ్ట్‌వేర్ పిల్లలున్న ఇళ్ళకు వెలుగు చొరని బ్లాకౌట్ గుడ్డ కావాలి, కాని అది పడకగదికి, హాలుకు కాదు.

వద్దు అనవలసిన సందర్భాలూ ఉన్నాయి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే బరువైన కర్టెన్లు వద్దు. మడతల్లో దుమ్ము నిలుస్తుంది, దుమ్ములో కంటికి కనపడని పురుగులు పెరుగుతాయి, దగ్గు మొదలవుతుంది. తేలికగా ఉతికే నూలు గుడ్డ వేసి, తరచు విప్పి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకగలిగితేనే వేయండి. ఇంకొకటి దోమలు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఇంట్లో చీకటి మూలల్లో, సామాను కింద, వేలాడే బట్టల వెనక, కర్టెన్ల వెనక దాక్కుంటుంది. కిటికీకి దోమల జాలీ లేకుండా కర్టెను వేయడమంటే దోమకు గది కట్టివ్వడమే. చేతిలో డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు జాలీ వేయించండి.

సరే, కావాలనే తేలింది. ఏ గుడ్డ? పాలియెస్టరు చవక, ఉతికితే ముడతలు పడదు, రంగు నిలుస్తుంది. నిప్పు తగిలితే మాత్రం కరిగి ఒంటికి అంటుకుంటుంది. దీపావళి నాడు కిటికీ గట్టు మీద ప్రమిదలు పెట్టే ఇళ్ళవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఏ గుడ్డయినా ఆ పూట ముడివేసి పైకి కట్టేయాలి. నా ఓటు చేనేత నూలుకే. మంగళగిరి నూలు, పోచంపల్లి ఇక్కత్, పెడన కలంకారీ, ఇవన్నీ మన గడపలోనే ఉన్నాయి. ఒకప్పుడు కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్ళిన అద్దకపు నూలు బట్టలు ఐరోపా ఇళ్ళలో మంచాల చుట్టూ, గోడల మీదా వేలాడాయి. అక్కడి నేతవాళ్ళకు పని పోతోందని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1701 నుంచి దిగుమతిని ఆపి, 1721లో మరో చట్టంతో ఒంటి మీదే కాదు, ఇంటి సామాను మీద కూడా వాటిని వాడకూడదంది. చట్టం పెట్టి ఆపాల్సి వచ్చిన గుడ్డ మనకు పెడనలో బస్సు దిగితే దొరుకుతుంది. కలంకారీ సహజ రంగులు ఎండకు వెలుస్తాయి కాబట్టి తెల్ల లైనింగు దానికి తప్పనిసరి. లైనింగు ఉంటే గదీ బాగుంటుంది, గుడ్డా ఎక్కువకాలం మన్నుతుంది.

బీరువాలో కట్టని నూలు చీరలుంటే బజారుకే వెళ్ళక్కర్లేదు. చీర ఐదున్నర మీటర్లు. 7 అడుగుల గుమ్మానికి రెండు ముక్కలు వస్తాయి, అంచు నిలువునా పక్కలకు పడి ఎంతో అందంగా ఉంటుంది. పల్లూ ఒక ముక్కకే వస్తుంది, అది కనపడే వైపు వేసుకోండి.

కొలతల్లో జనం పొదుపు చేయకూడని చోట చేస్తారు. 4 అడుగుల కిటికీకి 4 అడుగుల గుడ్డ చాలనుకుంటారు. అది పరిచిన దుప్పటిలా వేలాడుతుంది. రాడ్డు కిటికీకి అటూ ఇటూ ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 5 అడుగులు. పక్కకు లాగినప్పుడు గుడ్డ గోడ మీదికి వెళ్ళి అద్దం మొత్తం ఖాళీ అవుతుంది. ఆ 5 అడుగులకు కుచ్చుతో కలిపి కనీసం రెండింతలు, 10 అడుగుల వెడల్పు గుడ్డ కావాలి. కర్టెను గుడ్డ పన్నా సాధారణంగా 48 అంగుళాలు. కాబట్టి మూడు పన్నాలు. చట్రానికి ఆరంగుళాల పైన మొదలై, గట్టుకు ఆరంగుళాల కింద ఆగే కర్టెను 5 అడుగుల పొడవు. మడతలు కలిపితే మూడు పన్నాలకు దాదాపు 5.5 మీటర్లు. నేలదాకా అయితే 7.5 మీటర్లు దాటుతుంది. రెడీమేడ్‌వి ఎక్కువగా 5, 7, 9 అడుగుల్లో వస్తాయి. మీ కిటికీ ఆ లెక్కకు రాకపోతే టైలరు దగ్గరికే వెళ్ళండి.

నూలు గుడ్డను కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి. నూటికి 5 వంతులు కుంచించుకున్నా 5 అడుగుల కర్టెను 3 అంగుళాలు పైకి పోతుంది, అప్పుడు గట్టు కింద ఆరంగుళాలకు బదులు మూడే మిగులుతాయి. టైలరు "అమ్మా, నానబెట్టారా?" అని అడిగితే అతను పని తెలిసినవాడని అర్థం. మనం రోజూ తడిగుడ్డతో నేల తుడుచుకుంటాం కనక నేలదాకా వేసే కర్టెనుకు కింద అంగుళం ఖాళీ వదలమనండి, లేకపోతే నెలలోపే అంచు నల్లబడుతుంది. రాడ్డు 6 అడుగులు దాటితే మధ్యలో ఇంకో బ్రాకెట్ వేయించాలి, లేదంటే కుంగుతుంది. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వని ఓనరు ఉంటే, కిటికీ గూట్లో రెండు గోడల మధ్య బిగుసుకునే స్ప్రింగు రాడ్లు దొరుకుతాయి. పల్చటి గుడ్డకు అవి సరిపోతాయి. తాళ్ళు లాగే బ్లైండ్లు పెట్టుకునేవాళ్ళకు ఒకే మాట: ఇంట్లో పాకే పిల్లలున్నా, నడిచే పిల్లలున్నా ఆ తాడు ఉచ్చులా వేలాడకూడదు. పిల్లల మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయిన సంఘటనలు ఎన్నో దేశాల్లో జరిగాయి. తాడును వాళ్ళకు అందనంత ఎత్తున గోడకు బిగించండి.

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. ఈలోగా ఒక పని చేయండి. ఒక సెలవు రోజున ఉదయం 8కి, మధ్యాహ్నం, సాయంత్రం 4కి హాల్లో ఎండ ఎక్కడ పడుతోందో చూడండి. రాత్రి లైటు వేసి వీధిలోంచి మీ ఇంటిని మీరే చూసుకోండి. పడమటి కిటికీకి బయట తడిక ఇప్పుడే కట్టించండి. కర్టెన్లు దసరాకు కొనుక్కోవచ్చు, అప్పటికి ఎన్ని కిటికీలకు అక్కర్లేదో మీకే తెలుస్తుంది.